ములాఖత్ దయాభిక్ష కాదు

"తప్పు చేసి జైలుకు పోయినోడికి చుట్టాలతో ముచ్చట్లేంది?" నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర చాయ్ తాగుతూ అంటారు. పాలమూరు కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చొని అంటారు. టీవీ చర్చల్లో గొంతు పెంచి మరీ అంటారు. ఆ వెనకే ఇంకో మూడు మాటలు వస్తాయి. ఖైదీని కలవనివ్వడం సర్కారు చూపే దయ అని, గంజాయి, సెల్‌ఫోన్లు ములాఖత్‌ల దారినే లోపలికి పోతున్నాయని, అంతగా చూడాలనిపిస్తే ఇప్పుడు వీడియో కాల్ ఉందిగా అని. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, ఒక్కోసారి నల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా ఈ మాటలు అంటున్నారు. అందుకే జవాబు చెప్పాల్సి వస్తోంది. ఈ అభిప్రాయం చట్టం ముందు నిలవదు. ఈ రెండు జిల్లాల పేదవాడి బతుకు ముందు అసలే నిలవదు.

ముందు ఆ 'తప్పు' సంగతే చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే అప్పటికి నూటికి 75 మందికి పైగా ఖైదీలను ఏ కోర్టూ దోషులు అనలేదు. ఈ రెండు జిల్లాల్లో సెంట్రల్ జైలు లేదు. ఉన్నవి జిల్లా జైళ్లు, సబ్ జైళ్లు. పెద్ద శిక్ష పడ్డవాళ్లు చర్లపల్లికో చంచల్‌గూడకో పోతారు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ములాఖత్ కోసం గేటు ముందు నిలబడ్డ ముసలమ్మ చాలాసార్లు రిమాండ్ ఖైదీ తల్లే. ఆమె కొడుకు తప్పు చేశాడో లేదో తేల్చాల్సింది జడ్జి. హోటల్లో చాయ్ తాగేవాళ్లం ముందే తేల్చేసి, ఆ తల్లి హక్కును కొట్టేస్తున్నాం.

రిమాండ్‌లో ఉన్నవాడు బయటికి ఎట్లా వస్తాడో కొంచెం ఓపికగా ఆలోచించాలి. వకీలును పెట్టాలి. వకాలత్‌నామా మీద సంతకం కావాలి. ఫీజుకు పైసలు కావాలి. బెయిల్ వస్తే ఇద్దరు జామీనుదారులు కావాలి. వాళ్ల దగ్గర పట్టాదారు పాసుపుస్తకమో, ఇంటి పన్ను రసీదో, జీతం సర్టిఫికెటో ఉండాలి. ఎవరిని అడిగితే ఇస్తారు, ఎవరు ముఖం తిప్పుకుంటారు, పాసుబుక్కు బ్యాంకులో కుదువ ఉందా ఇంట్లో పెట్టెలో ఉందా అనేవి లోపల ఉన్నవాడికే తెలిసిన సంగతులు. అవి బయటి మనిషికి చేరే చోటు ములాఖత్ గది. బెయిల్ మంజూరైనా జామీను దొరక్క లోపలే మగ్గుతున్నవాళ్లు ఇంతమంది ఉన్నారా అని సుప్రీంకోర్టే కదిలి, 2023 జనవరి 31న ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని అందులో ఉంది. వచ్చి అడిగే మనిషి లేని ఖైదీ ఎంత నిస్సహాయుడో దేశ అత్యున్నత న్యాయస్థానానికి అర్థమైంది. ములాఖత్‌ను ముచ్చట్లు అనేవాళ్లకే ఇంకా అర్థం కాలేదు.

ఆ ముచ్చట్లు ఎట్లుంటాయో దగ్గరగా చూసినవాణ్ని కనుక చెబుతాను. ఏ జైలో పేరు చెప్పను, ఇది ఏదో ఒక్కచోట జరిగే సంగతి కాదు. దేవరకొండ దిక్కు తండా నుంచి ఒకామె వస్తుంది. పత్తి ఏరే రోజులు, ఆ రోజు కూలి పోయినట్టే. చేతిసంచిలో రెండు లుంగీలు, ఒక తువ్వాల, ఒంటిసబ్బు, బిస్కెట్ పొట్లాలు. ఆధార్ జిరాక్స్ అడుగుతారు. ఆమె దగ్గర అసలు కార్డే ఉంది. జిరాక్స్ కోసం మళ్లీ రోడ్డెక్కి, తిరిగొచ్చేసరికి పేర్లు రాసుకునే మనిషి లేచిపోతాడు. వేపచెట్టు కింద కూర్చోబెడతారు. మధ్యాహ్నం దాటాక పిలుస్తారు. లోపల జాలీకి అటు పదిమంది, ఇటు ఇరవైమంది, అందరూ ఒక్కసారే అరుస్తుంటారు. ఎవరి మాట ఎవరికీ వినపడదు.

"తిన్నవా?"

"తిన్న. పోరగాండ్లు బడికి పోతున్నరా?"

"పోతున్నరు."

పెద్దోడు బడి మానేసి మేకల వెంట పోతున్నాడు. ఆమె ఆ మాట చెప్పదు. లోపల అన్నం ఎట్లుంటుందో అతనూ చెప్పడు. జామీను గురించి, వకీలు అడిగిన పైసల గురించి మాట మొదలయ్యేసరికి టైం అయిపోయిందని కేక పడుతుంది. మళ్లీ రావాలంటే ఇంకో రోజు కూలి, ఇంకో రెండు బస్సులు. దీన్ని విలాసమనేవాడు ఒక్కసారి ఆ జాలీ ముందు నిలబడి, తన ఇంటి మనిషికి ఒక్క ముక్క వినిపించి రావాలి.

ఇంతకూ ఇది దయ అని ఏ చట్టంలో ఉంది? 1894 నాటి జైళ్ల చట్టం తెల్లదొరలు రాసింది. ఖైదీల మీద ప్రేమతో రాసిందని ఎవరూ అనరు. దాని 40వ సెక్షన్‌లోనే, శిక్ష పడని ఖైదీలు ఎవరితో మాట్లాడాలనుకుంటారో వాళ్లను తగిన వేళల్లో, తగిన కట్టుబాట్లతో లోపలికి రానిచ్చే ఏర్పాటు ఉండాలని రాశారు. విచారణ ఖైదీ తన వకీలుతో వీలైనంతవరకు మూడో మనిషి లేకుండా మాట్లాడుకోవాలని కూడా అక్కడే ఉంది. స్వతంత్రం వచ్చాక మన కోర్టులు ఇంకా ముందుకు పోయాయి. విశాఖపట్నం జైల్లోని నక్సలైటు ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో 1974లో సుప్రీంకోర్టు, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని తేల్చింది. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసు వచ్చింది. ఢిల్లీలో ముందస్తు నిర్బంధంలో ఉన్న ఒక విదేశీ మహిళ అయిదేళ్ల కూతురిని నెలకు ఒక్కసారే చూడనిచ్చేవారు. ఆ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. నిర్బంధంలో ఉన్న మనిషికి కనీసం వారానికి రెండుసార్లు కుటుంబాన్ని కలిసే వీలుండాలని, కుటుంబాన్నీ మిత్రులనూ కలవడం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమని జస్టిస్ భగవతి తీర్పు రాశారు. ఇన్నేళ్లయినా మనం దయ అనే అంటున్నాం.

నల్లగొండవాళ్లకైతే ఈ సంగతి ఢిల్లీ తీర్పులు చెప్పాల్సిన పని లేదు. పోలీసు చర్య తర్వాత 1949లో ఇక్కడి ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలోని రైతుబిడ్డలకు ఉరిశిక్షలు వేశాయి. పన్నెండు మందిని ఉరికొయ్యకు సిద్ధం చేశారు. ఇంగ్లండ్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాళ్ల తరఫున వాదించారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ స్టేట్ అనే పేరుతో 1951లో తీర్పు వచ్చిన కేసు అది. వకీలును పెట్టుకునే అవకాశమే ఇవ్వకుండా విచారణ ముగించారన్నది ఆ రైతుల తరఫు పెద్ద ఫిర్యాదు. ఊళ్లు సైనిక శిబిరాలైన ఆ రోజుల్లో, జైల్లో ఉన్న సన్నకారు రైతుకు వకీలును ఎవరు పెడతారు? అన్న రావాలి, మేనమామ రావాలి, ఊరి పెద్ద రావాలి. వాళ్లకు దారి మూస్తే వకీలుకూ దారి మూసినట్టే. కోర్టు ఆ ఫిర్యాదును ఒప్పుకోలేదు. దేశదేశాల్లో ఆందోళన జరిగాక, చివరికి ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలయ్యాయి. బయటి మనుషులు పట్టించుకోబట్టి బతికిన ప్రాణాలవి. ఆ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లు ఖైదీకి పలకరింపు ఎందుకని అడుగుతుంటే విని ఊరుకోలేను.

అదంతా పాత కథ అంటారేమో. 2024 నవంబర్ 11న లగచర్లలో ఏమైందో అందరికీ గుర్తుంది. ఆ ఊరున్న కొడంగల్ ప్రాంతం 2016 దాకా పాలమూరు జిల్లాలోదే. ఫార్మా భూముల కోసం ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన వికారాబాద్ కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. దాడిని ఎవరూ సమర్థించనక్కర్లేదు, నేనూ సమర్థించను. తర్వాత పట్టుకుపోయినవాళ్లలో ఎక్కువమంది తండాల లంబాడ రైతులు. వాళ్లను సంగారెడ్డి జైల్లో ఉంచారు. దుద్యాల మండలంలోని తండా నుంచి సంగారెడ్డికి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. మగవాళ్లు లోపల, ఆడవాళ్ల మీదనే ఇల్లు, గొడ్డు, పొలం, కేసు అన్నీ పడ్డాయి. డిసెంబర్‌లో వాళ్లలో ఒక రైతుకు గుండెనొప్పి వస్తే బేడీలతో ఆస్పత్రికి తెచ్చారు. ఆ దృశ్యం లోకం కంట పడ్డాకే ముఖ్యమంత్రి ఆగ్రహించడం, విచారణకు ఆదేశించడం జరిగాయి. అది నాలుగు గోడల మధ్యే ఉండిపోయి ఉంటే ఎవరు అడిగేవారు? లోపలి మనిషికి ఏమవుతోందో బయటివాళ్లు చూడగలగడమే ఖైదీకి ఉన్న మొదటి రక్ష. నాయకులు ఆ రైతులను కలవడానికి వెళితే కెమెరాలు వెంటపోయాయి. ఆ రైతుల ఇంటి ఆడవాళ్లు పోయిన రోజున మైకు పెట్టినవాళ్లు తక్కువ.

నాయకుల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. 2015లో కొడంగల్ ఎమ్మెల్యేగా ఉన్న రేవంత్ రెడ్డి చర్లపల్లి జైల్లో ఉన్నప్పుడు, కూతురి నిశ్చితార్థానికి కోర్టు 12 గంటల మధ్యంతర బెయిల్ ఇచ్చింది. సరైన పని చేసింది. బిడ్డ శుభకార్యానికి తండ్రి ఉండాలన్నది ఏ మనిషికైనా న్యాయమే. 2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు నాయుడు రాజమహేంద్రవరం జైల్లో ఉంటే కుటుంబం వెళ్లి కలిసింది. 14వ తేదీన పవన్ కల్యాణ్ ములాఖత్‌కు పోయి, బయటికొచ్చి జైలు ముందే పొత్తు ప్రకటించారు. ములాఖత్ అనే మాట తెలుగువాళ్ల ఇళ్లన్నింటా మారుమోగింది ఆ రోజుల్లోనే. ఆ ములాఖత్‌లు వద్దని నేను అనను. అభిమానించే నాయకుడిని ఆయన భార్య కలిస్తే హర్షించి, పొరుగు తండాలోని రైతును ఆయన భార్య కలిస్తే సోకు అంటే మాత్రం ఒప్పుకోను. 21వ అధికరణంలో పార్టీ లేదు, కులం లేదు, ఆస్తి లేదు.

ఇప్పుడు గంజాయి మాట. జైళ్లలోకి దొంగ వస్తువులు పోతున్న మాట నిజమే, కాదనడం లేదు. తనిఖీ చేయండి, గట్టిగా చేయండి. 1894 చట్టంలోనే 41వ సెక్షన్ ఉంది. ములాఖత్‌కు వచ్చినవాళ్ల పేరు, చిరునామా అడగొచ్చు, అనుమానం వస్తే సోదా చేయొచ్చు. ఆ సోదా ఇంకో సందర్శకుడి ఎదుట గానీ ఖైదీ ఎదుట గానీ చేయకూడదని కూడా అదే సెక్షన్ అంటోంది. వందేళ్లు దాటిన వలసచట్టానికి కూడా వచ్చిన మనిషి పరువు గుర్తుకొచ్చింది. జాలీకి అటొకరు ఇటొకరు నిలబడి, నడుమ సంత్రీ ఉండగా జరిగే ములాఖత్‌లో కిలోల సరుకు ఎట్లా పోతుంది? పోతోందంటే ముందు చూడాల్సింది గేటు లోపలి మనుషులనూ, గోడ మీదుగా పడే మూటలనూ. ఆ పని కష్టం కనుక తల్లులకు తలుపు మూయడం తేలిక పరిష్కారంగా కనిపిస్తోంది. బస్సులో జేబుదొంగ ఎక్కాడని బస్సులే ఆపేస్తామా?

వీడియో కాల్ వాదం మాత్రం మంచిమనసుతో చేసేవాళ్లు కొందరున్నారు, వాళ్లకు మర్యాదగానే చెబుతాను. ఈ-ములాఖత్ వచ్చినందుకు నాకు సంతోషమే. పాలమూరు కుటుంబాల్లో చాలామంది ముంబైలోనో పుణెలోనో కట్టడం పనుల్లో ఉంటారు. అడ్డా మీది నుంచి ఊరికి, ఊరి నుంచి జైలుకు రాలేని తమ్ముడికి వీడియోలో అన్న ముఖం కనపడితే అంతకంటే ఏం కావాలి. 2020 మార్చిలో కరోనాతో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు ఫోనే దిక్కయింది. అదే ఏడాది జులైలో, ఒకప్పుడు జడ్చర్లలో పాఠాలు చెప్పిన కవి వరవరరావు మహారాష్ట్రలోని తలోజా జైలు నుంచి ఇంటికి చేసిన ఫోన్‌లో మాట తడబడింది. పొంతన లేని మాటలు వినగానే ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చింది. వాళ్లు మీడియా ముందుకొచ్చి గట్టిగా అడిగాకే ఆస్పత్రికి మార్చడం, కరోనా ఉందని తేలడం జరిగాయి. ఎనభయ్యేళ్లకు దగ్గరపడ్డ మనిషికి ఏదో అయిందని మొదట పట్టుకున్నది దూరాన ఉన్న భార్యాబిడ్డల చెవి. అందుకే ఫోన్ వద్దని అననే అనను. కానీ ఫోన్ ఉంది కాబట్టి మనిషి రానక్కర్లేదంటే ఒప్పుకోను. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 58వది చూడండి. ఉత్తరాలు, ఫోన్లు వంటివీ ఉండాలి, నేరుగా కలవడమూ ఉండాలి అని రెండింటినీ చేర్చి చెబుతుంది. 59వ నియమం ఖైదీని వీలైనంతవరకు ఇంటికి దగ్గరి జైల్లోనే ఉంచమంటుంది. అమ్రాబాద్ అడవిలో సిగ్నలే అందని పెంటలో ఉండే చెంచు తల్లికి స్మార్ట్‌ఫోన్ ఎక్కడిది, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకునే దారేది? ఒంటి మీద దెబ్బ ఉందో లేదో, బక్కచిక్కాడో లేదో అరచేతంత తెరలో ఆమెకు ఎవరు చూపిస్తారు?

అన్నింటికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. దాన్ని తప్పించుకుని పోవడం న్యాయం కాదు. "చచ్చినోడి తల్లి సమాధి కాడికి పోతది, చంపినోడి తల్లి ములాఖత్‌కు పోతదా?" అని అడుగుతారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ మాట అంటే నేను తల వంచుకునే వింటాను. ఆమె దుఃఖానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఆమెకు న్యాయం దక్కాల్సింది కోర్టు వేసే శిక్షలో, సర్కారు ఇచ్చే ఆసరాలో. ఇంకో తల్లి కడుపు కాలితే ఆమె గుండె మంట ఒక్క పిసరు కూడా చల్లారదు. కోర్టు ఖైదీ స్వేచ్ఛను తీసుకుంది. అతని కూతురికి, అమ్మకు, భార్యకు శిక్ష వేయలేదు.

పిల్లల సంగతైతే మరీ ఘోరం. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పేరు మీదే ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, తల్లితో జైల్లో ఉండే పిల్లలను ఆరేళ్లు నిండాక బయటికి పంపాలని, సంక్షేమ గృహంలో పెట్టిన పిల్లలకు వారానికి ఒక్కసారైనా తల్లిని చూపించాలని చెప్పింది. శిక్ష పడ్డ మహిళలకు ఉన్న జైలు హైదరాబాద్ చంచల్‌గూడలో. గద్వాల నుంచో కోదాడ నుంచో ఒక చిన్నపిల్లను వారం వారం అక్కడికి తీసుకుపోయే మనిషి ఆ ఇంట్లో మిగిలి ఉంటాడా? ఆ తీర్పు మన పల్లెల దాకా నడిచి రాలేదు.

ఖైదీ ఎప్పటికైనా తిరిగి వచ్చేది మన ఊరికే. అతను ఎట్లా తిరిగొస్తే మనకు మంచిది? అమెరికాలోని మిన్నెసోటా జైళ్ల శాఖ 2003 నుంచి 2007 దాకా విడుదలైన 16,420 మంది వివరాలు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించింది. లోపల ఉన్నప్పుడు ఎవరో ఒకరు వచ్చి కలిసినవాళ్లు మళ్లీ నేరంలో శిక్షపడే అవకాశం 13 శాతం తగ్గింది. ఎక్కువసార్లు కలిస్తే మేలు ఎక్కువ. అది సర్కారీ జైళ్ల శాఖ తన సొంత లెక్కలతో చెప్పిన సంగతి. ఊళ్లో దొంగతనాలు తగ్గాలని కోరుకునేవాళ్లు ములాఖత్‌లు పెంచమని అడగాలి. పెళ్లాం పిల్లలతో తెగిపోయి, అప్పులు మాత్రమే మిగిలి వచ్చిన మనిషి ఊరికి భయం. ఇల్లు తన కోసం ఎదురుచూసిందని తెలిసి వచ్చినవాడు మళ్లీ పొలానికి పోతాడు.

నిర్దోషి అని చివరికి తేలితే మాత్రం పోయినదాన్ని ఎవరు ఇస్తారు? ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా నాగపూర్ జైల్లో ఉండగా 2020 ఆగస్టులో ఆయన తల్లి హైదరాబాద్‌లో కన్నుమూశారు. కడసారి చూపుకు పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆయనను నిర్దోషి అంది. అదే ఏడు అక్టోబర్ 12న ఆయనా పోయారు. ఆ తల్లి చివరి రోజులను ఏ తీర్పూ వెనక్కి తేలేదు. ఖైదీల్లో ఎక్కువమంది విచారణలోనే ఉన్న దేశంలో, అధికారి సంతకం పెట్టని ప్రతి ములాఖత్ ఒక నిర్దోషి ఇంటి నుంచి లాక్కున్నది కావచ్చు.

కాబట్టి అడగాల్సినవి అడుగుతున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విచారణ ఖైదీలను ఈ జిల్లాల జైళ్లలోనే ఉంచాలి. కూలికి పోయేవాళ్లకు వీలుగా వారంలో ఒక సెలవు రోజైనా ములాఖత్‌కు కేటాయించాలి. దూరం నుంచి వచ్చినవాళ్లను జిరాక్స్ లేదని, వేళ దాటిందని తిప్పి పంపకూడదు. మాట వినపడేట్టు గదిని మార్చాలి, దానికి కోట్లు అక్కర్లేదు. తల్లిదండ్రులు లోపలున్న పిల్లలను వారానికోసారి తీసుకొచ్చే బాధ్యత జిల్లా న్యాయసేవాధికార సంస్థ తీసుకోవాలి, పారాలీగల్ వాలంటీర్లు దానికి ఉన్నారు. గేటు దగ్గర తెలుగులో, లంబాడీలో నియమాలు చదివి చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

ఇక చదువుతున్న మీకు ఒక మాట. మీ వాడకట్టులో ఎవరింటి మనిషైనా లోపల ఉంటే, ఆ ఇంటి తల్లి ముందు ముఖం తిప్పుకోకండి. ఆమెకు అర్జీ రాయడం రాదు, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు, అడగడానికి భయం. ఈసారి ములాఖత్ రోజున ఆమె వెంట మీరు పోండి. ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు దగ్గర పెట్టుకోండి.